విండోస్ పూర్తిగా వదిలేస్తున్నా: కోడింగ్, బొమ్మలు, వీడియో అన్నీ ఒకే లినక్స్ మెషిన్‌లో. సలహాలు కావాలి

రెండుపడవలు
అందరికీ నమస్తే. మూడేళ్ళుగా నా పేరులో ఉన్నట్టే బతుకుతున్నా. పగలు కోడింగ్ లినక్స్‌లో, రాత్రి బొమ్మలు, వీడియోలు విండోస్‌లో. ఒక ఫైలు కోసం రీబూట్, ఆ ఫైలు చూశాక గుర్తొచ్చిన బగ్గు కోసం మళ్ళీ రీబూట్. విసుగొచ్చేసింది. ఈసారి డిస్కు మొత్తం తుడిచేసి లినక్స్ ఒక్కటే పెడదామనుకుంటున్నా.

లాప్‌టాప్‌లో 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ, ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్‌విడియా కార్డు ఉన్నాయి. బయట ఒక 4కే మానిటర్. పని విషయానికొస్తే పైథాన్, నోడ్, కొంచెం రస్ట్, డాకర్ (ప్రోగ్రాములని విడి కంటైనర్లలో నడిపేది) ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఇంకోవైపు 3డీ పనికి బ్లెండర్, డ్రాయింగ్ టాబ్లెట్ మీద బొమ్మలు, పది పదిహేను నిమిషాల వీడియోలు, వాటికి నా గొంతు రికార్డింగ్.

ఏ డిస్ట్రో (లినక్స్ రకం) పెట్టాలి, ఉబుంటునా, ఫెడోరానా, ఆర్చా? డెస్క్‌టాప్ గ్నోమా, కేడీఈనా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు, బుర్ర తిరిగిపోతోంది.

పాతకీబోర్డు
డిస్ట్రో సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు ఒక కాగితం తీసుకుని, గత ఆరు నెలల్లో విండోస్‌లోకి ఎందుకెందుకు బూట్ చేశావో రాయి. అందులో ఫోటోషాప్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఉండి, వాటి ఫైళ్ళే అవతలివాళ్ళు పంపి అవే తిరిగి కావాలంటున్నారంటే మాత్రం డిస్కు తుడవకు. వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపేది) ఎలాగోలా నడిపిద్దాంలే అనుకునేవాళ్ళని చాలామందిని చూశా, గడువు రోజు రాత్రి అందరూ పాత పార్టిషన్ వెతుక్కున్నవాళ్ళే. అలాంటివేవీ లేకపోతే నిశ్చింతగా మారొచ్చు.

నీ పేరు బాగుంది.

రెండుపడవలు
రాశానండీ. వీడియో ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్, బొమ్మలకి క్రిటా, బ్లెండర్, టాబ్లెట్ సెట్టింగుల యాప్, అంతే. అడోబీవి రెండేళ్ళ కిందే మానేశా. రిజాల్వ్‌కి లినక్స్ వెర్షన్ ఉంది కాబట్టి సమస్య లేదనుకుంటున్నా.

రెండర్ రాత్రి
> రిజాల్వ్‌కి లినక్స్ వెర్షన్ ఉంది కాబట్టి సమస్య లేదనుకుంటున్నా

ఉంది బ్రో, సమస్య అక్కడే ఉంది. లినక్స్‌లో రిజాల్వ్ ఉచిత వెర్షన్ హెచ్.264, హెచ్.265 వీడియో తెరవదు, ఏఏసీ ఆడియో కూడా రాదు. అంటే ఫోన్‌తోనో మామూలు కెమెరాతోనో తీసిన ఎంపీ4 టైమ్‌లైన్ మీదికి లాగితే ఏమీ కనబడదు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ డ్రైవర్ పాడైందనుకుని మూడు రోజులు కొట్టుకుంటాడు.

దారి ఏంటంటే, షూట్ చేసిన క్లిప్పులన్నీ ముందుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కన్వర్టర్‌తో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి, ఆడియో పీసీఎం (కుదించని ఆడియో)లోకి మార్చుకోవాలి. చిన్న షెల్ స్క్రిప్టు రాసుకుంటే ఫోల్డర్ మొత్తం ఒకేసారి మారిపోతుంది, నువ్వు టీవీ చూసుకోవచ్చు. కానీ సైజు చూసి కళ్ళు తిరుగుతాయి, 1080పీలోనే నిమిషానికి ఒక జీబీ దాటిపోతుంది. నీ 1 టీబీ డిస్కులో డాకర్ ఇమేజ్‌లు, బ్లెండర్ క్యాష్, ఈ క్లిప్పులు అన్నీ కలిసి ఉండాలంటే కష్టం. ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టుకునే స్లాట్ ఉందేమో చూడు.

కలర్ గ్రేడింగ్ మరీ లోతుగా చెయ్యవు అనుకుంటే కేడెన్‌లైవ్ అనే ఎడిటర్ ఒక వారం వాడి చూడు. ఎంపీ4 అలాగే తెరుస్తుంది, బరువైన క్లిప్పులకి ప్రాక్సీ (తేలికైన నకలు) తనే తయారు చేసుకుంటుంది. నేను పదిహేను నిమిషాల్లోపు వీడియోలన్నీ అందులోనే కట్ చేస్తా, గ్రేడింగ్ పిచ్చి పట్టినప్పుడు మాత్రమే రిజాల్వ్ తెరుస్తా.

ఆర్చ్ అభిమాని
ఆర్చ్ పెట్టు. అన్నీ కొత్త వెర్షన్లు, ఏయూఆర్‌లో (వాడేవాళ్ళే పెట్టే ప్యాకేజీల గుట్ట) దొరకనిది లేదు. వికీ చదివితే చాలు.

కంపైల్ అవుతోంది
ఆర్చ్ వికీ బంగారం, ఏ డిస్ట్రో వాడేవాడైనా చదవాల్సిందే, అక్కడిదాకా ఒప్పుకుంటా. కానీ ఈయన రేపు వీడియో ఇవ్వాల్సి ఉండగా అప్‌డేట్ కొట్టి, కొత్త కెర్నల్‌తో (లినక్స్ గుండెకాయ) గ్రాఫిక్స్ డ్రైవర్ పొసగక నల్ల స్క్రీన్ చూస్తే, అప్పుడు వికీ ఫోన్‌లో చదవాలి. నాకు జరిగింది. తప్పు నాదే, పని మధ్యలో అప్‌డేట్ చేశా.

ఇంకో మాట. కోడింగ్‌కి డిస్ట్రోలో అన్నీ కొత్త వెర్షన్లు ఉండాల్సిన పనే లేదు. సిస్టమ్ పైథాన్ జోలికి అసలు పోకు, అది సిస్టమ్ సొంత పనిముట్టు. డెబియన్ 12లోనూ ఉబుంటు 23.04 నుంచీ సుడో పిప్ ఇన్‌స్టాల్ (పైథాన్ లైబ్రరీలు సిస్టమ్ మొత్తానికి పెట్టే కమాండ్) కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని ఎర్రర్ ఇస్తుంది. నెట్‌లో దాన్ని బలవంతంగా దాటే ఫ్లాగ్ ఒకటి చెప్తారు, అది వాడకు. ప్రాజెక్టుకొక వెన్వ్ (విడి పైథాన్ ఫోల్డర్) పెట్టుకో, లేదా యూవీ అనే పనిముట్టు వాడు, చాలా వేగం. వెర్షన్లు చూసుకోడానికి నోడ్‌కి ఎన్‌వీఎం, రస్ట్‌కి రస్టప్. ఇవన్నీ హోమ్ ఫోల్డర్‌లోనే కూర్చుంటాయి, కింద ఏ డిస్ట్రో ఉన్నా వాటికి పట్టదు.

పాత లైబ్రరీలు కావాలనే మొండి ప్రాజెక్టులుంటాయి చూడు, వాటికి డిస్ట్రోబాక్స్. ఫెడోరా మీద కూర్చుని కంటైనర్‌లో ఉబుంటు తెరిచి అందులో బిల్డ్ చేసుకోవచ్చు, హోమ్ ఫోల్డర్ రెండింటికీ ఒకటే. ఇది అలవాటయ్యాక డిస్ట్రో గొడవల్లో నాకు ఆసక్తి పోయింది.

ఆర్చ్ అభిమాని
పని మధ్యలో అప్‌డేట్ చెయ్యడం ఆర్చ్ తప్పా? ఎల్టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే) కెర్నల్ కూడా పక్కన పెట్టుకుంటే నల్ల స్క్రీన్ బాధ ఉండదు. ఆరేళ్ళుగా వాడుతున్నా.

కంపైల్ అవుతోంది
నా తప్పే అని పైనే రాశాను కదా. ఎల్టీఎస్ కెర్నల్ పక్కన పెట్టుకోవడం మంచి సలహా, కాదనను. కొత్తగా మారేవాడికి మొదటి నెలలోనే అది గుర్తుండదని నా భయం.

గీతలమ్మ
టాబ్లెట్ గురించి ఎవరూ మాట్లాడరేం? నేను బొమ్మలు వేసి బతికేదాన్ని, లినక్స్‌లోకి వచ్చి ఐదేళ్ళు. రెండుపడవలు గారూ, మీది ఏ టాబ్లెట్? వాకామ్ అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, తగిలించగానే ప్రెజర్ పనిచేస్తుంది. వేరే కంపెనీవైతే కొన్ని అలాగే పనిచేస్తాయి, కొన్నిటికి ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ పెట్టాలి. పెట్టేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోండి, కెర్నల్‌లోని డ్రైవరూ ఇదీ ఒకేసారి టాబ్లెట్‌ని పట్టుకుంటే కర్సర్ పిచ్చిపిచ్చిగా గెంతుతుంది, కెర్నల్ మాడ్యూల్‌ని ఆపమని వాళ్ళ పత్రాల్లోనే ఉంటుంది.

రెండు స్క్రీన్లు అన్నారు కాబట్టి ఇంకోటి. మొదటి రోజు మీరు గుండ్రంగా గీస్తే కోడిగుడ్డు వస్తుంది. భయపడకండి, చెయ్యి పోలేదు. టాబ్లెట్ రెండు మానిటర్ల మీదా సాగి కూర్చుంది. కేడీఈలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో డ్రాయింగ్ టాబ్లెట్ అని ఉంటుంది, అక్కడ ఒక్క స్క్రీన్‌కి కట్టేసి నిష్పత్తి సరిచేయండి. గ్నోమ్‌లోనూ ఉంది.

మీ బొమ్మలు ప్రింటుకి వెళ్తాయా? వెళ్తే ఫోటో ఎడిటర్ గింప్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఎఫెక్టులు పొర మీద వేసి తర్వాత మార్చుకునే వీలు వచ్చింది, నాకు చాలా సంతోషం, కానీ సీఎంవైకే (ప్రింటు రంగులు)లోనే బొమ్మ వేసే మోడ్ దాంట్లో లేదు. క్రిటాలో ఉంది. పేజీలు కట్టి ప్రెస్సుకి పీడీఎఫ్ ఇవ్వాలంటే స్క్రైబస్.

రెండుపడవలు
గీతలమ్మ గారూ, వాకామ్ కాదండీ. ప్రింటుకి ఏడాదికి రెండుమూడు సార్లు వెళ్తాయి. మరి తెర మీద విండోలు చూపించేది వేలాండా, ఎక్స్11ఆ? అదొకటి అర్థం కావట్లేదు.

గీతలమ్మ
నేను ఫెడోరా కేడీఈ, ప్లాస్మా 6 (కేడీఈ డెస్క్‌టాప్) మీద ఉన్నా, వేలాండే. మీ లాప్‌టాప్ స్క్రీన్ ఒక సాంద్రత, బయటి 4కే ఇంకో సాంద్రత కదా, ఒకదానికి 100, ఇంకోదానికి 150 శాతం పెట్టుకోవాలంటే ఎక్స్11లో నరకం, వేలాండ్‌లో ఇట్టే అయిపోతుంది. కానీ క్రిటా 5 ఎక్స్‌వేలాండ్ (వేలాండ్‌లో పాత ఎక్స్11 ప్రోగ్రాములని నడిపేది) మీదే నడుస్తుంది, అందుకని 150 శాతంలో మసకగా కనిపించొచ్చు. ప్లాస్మా డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పాత ఎక్స్11 ప్రోగ్రాములని "స్కేలింగ్ అవే చూసుకుంటాయి" అని పెట్టండి, కళ్ళు తెరిపిన పడతాయి. మానిటర్ కలర్ ప్రొఫైల్ కూడా అక్కడే ఇచ్చుకోవచ్చు.

ట్రాక్ ఏడు
ఆడియో మనిషిని వచ్చా. వాయిస్ రికార్డింగే అయితే నీకు దేవుడిచ్చిన వరం పైప్‌వైర్ (లినక్స్‌లో శబ్దం చూసుకునేది). ఒకప్పుడు మామూలు శబ్దానికుండే పల్స్ ఆడియో ఆపి, రికార్డింగ్‌కి జాక్ మొదలెట్టి, రికార్డింగ్ అయ్యాక జాక్ ఆపి, బ్రౌజర్‌లో శబ్దం రాక మళ్ళీ... వదిలెయ్. ఫెడోరా 34 నుంచీ, అంటే 2021 నుంచి, పైప్‌వైరే డిఫాల్ట్. అది రెండు పాత్రలూ తనే వేస్తుంది.

యూఎస్‌బీ మైకో ఇంటర్‌ఫేసో కొనేటప్పుడు "క్లాస్ కంప్లయంట్" అని ఉందా చూడు, ఉంటే డ్రైవర్ ఏమీ అక్కర్లేదు. బఫర్ (శబ్దం కాసేపు ఆగే చిన్న నిల్వ) గురించి ఎక్కువ ఆలోచించకు. 48,000 శాంపుల్ రేటులో 256 శాంపుళ్ళ బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. నువ్వు పాట పాడుతూ హెడ్‌ఫోన్లో నీ గొంతు వినాలంటే చిన్నది కావాలి, వ్యాఖ్యానం చదవడానికి 1024 దివ్యంగా సరిపోతుంది, చిటపటలు కూడా రావు. వస్తే టెర్మినల్లో పీడబ్ల్యూ-టాప్ నడుపు, ఏ ప్రోగ్రాం వెనకబడుతుందో లెక్కతో సహా చూపిస్తుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ మైకుతో మాత్రం రికార్డ్ చెయ్యకు. మైకు ఆన్ అవ్వగానే అది కాల్ మోడ్‌లోకి జారుకుని, వినబడేది కూడా పాత టెలిఫోన్‌లా అయిపోతుంది. ఇది లినక్స్ తప్పు కాదు, కానీ తిట్లు దానికే పడతాయి.

పాతకీబోర్డు
సరే, ఇప్పుడు డిస్ట్రో అడుగు. రెండు స్క్రీన్లకి రెండు స్కేలింగులు, టాబ్లెట్, ఆడియో, కొత్త డ్రైవర్, ఇవన్నీ చూస్తే ఫెడోరా కేడీఈ నీకు సరిపోతుంది. ఒక్కో వెర్షన్‌కి దాదాపు 13 నెలల సపోర్టు, కాబట్టి ఏడాదికొకసారైనా అప్‌గ్రేడ్ తప్పదు. అది ఇష్టం లేకపోతే ఉబుంటు 24.04 ఎల్టీఎస్, 2029 దాకా ప్రశాంతంగా ఉండొచ్చు.

పార్టిషన్లు ముక్కలు ముక్కలు చెయ్యకు. రూట్‌కి (సిస్టమ్ ఉండే చోటు) 30 జీబీ, మిగతాది హోమ్‌కి అని పాత పుస్తకాల్లో ఉంటుంది, నేనూ అలాగే చేసేవాణ్ణి. డాకర్ ఇమేజ్‌లూ, ఫ్లాట్‌పాక్ (ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ) ప్రోగ్రాములూ రూట్ కిందే చేరతాయి, నెలన్నరలో నిండి లాగిన్ కూడా అవ్వలేదు. ఫెడోరా ఇన్‌స్టాలర్ బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఇస్తుంది, అందులో రూట్, హోమ్ ఒకే జాగా పంచుకుంటాయి. ఎన్‌క్రిప్షన్ గడిలో టిక్ పెట్టు, లాప్‌టాప్ కదా.

తుడిచే ముందు నీ బ్లెండర్ ఫైళ్ళు ఒక్కోటి తెరిచి ఫైల్ మెనూలో ఎక్స్‌టర్నల్ డేటా కింద పాత్‌లన్నీ రెలెటివ్ (ఆ ఫైలున్న చోటు నుంచి లెక్కించేవి) చేసి సేవ్ చెయ్. లేకపోతే అవి డీ డ్రైవ్ కోసం వెతుకుతూనే ఉంటాయి.

రెండుపడవలు
(నాలుగు రోజుల తర్వాత)
పెట్టేశా! పెట్టేశా కానీ తల పట్టుకుని కూర్చున్నా. ముందు ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడలేదు, వెతికితే బయోస్‌లో స్టోరేజీ రెయిడ్ మోడ్‌లో ఉంది, ఏహెచ్‌సీఐకి మార్చగానే వచ్చింది. ఇప్పుడు ఎన్‌విడియా డ్రైవర్ పెట్టా, ఆర్పీఎం ఫ్యూజన్ అనే అదనపు ప్యాకేజీల చోటు నుంచి. ఇన్‌స్టాల్ అయిందంది, రీబూట్ చేశా, బయటి మానిటర్ నల్లగా. లాప్‌టాప్ స్క్రీన్ మాత్రం పనిచేస్తోంది. బ్లెండర్‌లో సైకిల్స్‌కి (రెండర్ ఇంజన్) కార్డే కనబడట్లేదు.

కంపైల్ అవుతోంది
రెండు అనుమానాలు. ఇన్‌స్టాల్ అయిందన్న వెంటనే రీబూట్ కొట్టావా? అక్కడ డ్రైవర్ మాడ్యూల్ వెనకాల ఏకేమాడ్స్ అనేది నీ కెర్నల్‌కి తగ్గట్టు కంపైల్ చేస్తూ ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి, మోడ్‌ఇన్ఫో కమాండ్‌తో ఎన్‌విడియా వెర్షన్ చూపిస్తోందా చూసి అప్పుడు రీబూట్ చెయ్యాలి. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

రెండోది, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా? ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. ఏకేమాడ్స్ కీ తయారు చేసి, మోక్‌యుటిల్‌తో ఇంపోర్ట్ చేసి, అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. రీబూట్‌లో నీలం తెర వస్తుంది, అందులో "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి.

రెండుపడవలు
అయ్యో, ఆ నీలం తెర వచ్చింది! గైడ్ చూసి కమాండ్లు కొట్టేశా, పాస్‌వర్డ్ ఎందుకడిగిందో తెలీదు, తెర చూసి వైరస్ అనుకుని "కంటిన్యూ బూట్" నొక్కేశా.

ఆర్చ్ అభిమాని
😂 అందరం నొక్కినవాళ్ళమే బ్రో. మళ్ళీ ఇంపోర్ట్ చెయ్, ఈసారి ఎన్‌రోల్ నొక్కు. బయటి మానిటర్ పోర్టు చాలా లాప్‌టాప్‌లలో నేరుగా ఎన్‌విడియా చిప్పుకే కలిపి ఉంటుంది, డ్రైవర్ లేకపోతే నల్లగానే ఉంటుంది. డ్రైవర్ లేస్తే అదే వెలుగుతుంది.

రెండుపడవలు
వెలిగింది!!! థాంక్స్ బ్రో, నీ మీద అనవసరంగా కోపంగా ఉన్నా ఇన్నాళ్ళూ.

సైకిల్స్‌లో ఆప్టిక్స్ (ఎన్‌విడియా కార్డుతో రెండర్ చేసే పద్ధతి) కనబడుతోంది, రెండర్ విండోస్‌లో ఎంత సేపు పట్టేదో దాదాపు అంతే. కానీ వ్యూపోర్ట్‌లో ఈవీ (ఇంకో రెండర్ ఇంజన్) మాత్రం నత్తలా ఉంది. అదెలా?

రెండర్ రాత్రి
సైకిల్స్ కార్డుతో లెక్కలు చేయించుకుంటుంది, తెర ఎవరు గీస్తున్నారో దానికి అనవసరం. ఈవీ, వ్యూపోర్ట్ అలా కాదు, బ్లెండర్ ఏ గ్రాఫిక్స్ మీద మొదలైందో దాని మీదే నడుస్తాయి, నీది ఇంటెల్ మీద లేచింది. మెనూ ఎడిటర్‌లో బ్లెండర్ ఎంట్రీ తెరిచి, డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డుతో నడపమని టిక్ పెట్టు.

బ్లెండర్ డిస్ట్రో ప్యాకేజీ వాడుతున్నావా? నేనైతే వాళ్ళ సైట్ నుంచి ఆర్కైవ్ దించి హోమ్‌లో విప్పి నడుపుతా. మూడు వెర్షన్లు మూడు ఫోల్డర్లలో ఉంటాయి, మొదలెట్టిన ప్రాజెక్టు మొదలెట్టిన వెర్షన్‌లోనే ముగిస్తా.

కంపైల్ అవుతోంది
ప్యాకేజీల మాట వచ్చింది కాబట్టి: క్రిటా, ఇంక్‌స్కేప్, కేడెన్‌లైవ్ ఫ్లాట్‌పాక్‌గా పెట్టుకో, సుఖం. వీఎస్ కోడ్ మాత్రం ఫ్లాట్‌పాక్ వద్దు. అది గాజు పెట్టెలో కూర్చుంటుంది, బయట నువ్వు పెట్టుకున్న పైథాన్, నోడ్, డాకర్ దానికి కనబడవు, టెర్మినల్ తెరిస్తే ఇంకెవరింటికో వెళ్ళినట్టుంటుంది. మామూలు ఆర్పీఎం (ఫెడోరా ప్యాకేజీ) పెట్టు.

నిశ్శబ్ద పాఠకుడు
మొదటిసారి రాస్తున్నా. వీడియో టైటిళ్ళు తెలుగులో పెట్టుకునేవాళ్ళు ఇక్కడ ఉన్నారా? టైపింగ్, ఒత్తులు సరిగ్గా వస్తాయా?

గీతలమ్మ
వస్తాయండీ. ఐబస్ (టైపింగ్ పద్ధతులు మార్చేది)తో ఎం17ఎన్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ రెండూ ఉంటాయి, ఏది అలవాటైతే అది. ఇంక్‌స్కేప్, గింప్ రెండూ అక్షరాలు పేర్చడానికి పాంగో, హార్ఫ్‌బజ్ వాడతాయి కాబట్టి ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. స్క్రైబస్ మాత్రం పాత 1.4 వద్దు, సంయుక్తాక్షరాలు విరిగిపోతాయి, 1.5.3 తర్వాతవి తీసుకోండి. టెర్మినల్లో తెలుగు గురించి అడగకండి, అక్కడ ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో ఇరికించాలి, మన లిపికి గడులు కుదరవు.

రెండుపడవలు
(వారం తర్వాత)
చివరి అడ్డంకి అనుకుంటున్నా. పాత బ్లెండర్ ప్రాజెక్టు తెరిస్తే సగం వస్తువులు గులాబీ రంగులో మెరిసిపోతున్నాయి. పాత్‌లు రెలెటివ్ చేశా, ఫోల్డర్ అలాగే కాపీ చేశా, టెక్స్‌చర్ ఫైళ్ళు అక్కడే ఉన్నాయి. మిగతా సగం బాగానే ఉన్నాయి. సగం ఎందుకు?

పాతకీబోర్డు
ఫైలు పేర్లు చూడు, పెద్ద చిన్న అక్షరాలతో సహా. విండోస్‌కి ఉడ్ డాట్ పీఎన్‌జీని అన్నీ పెద్దక్షరాల్లో రాసినా అన్నీ చిన్నక్షరాల్లో రాసినా ఒకే ఫైలు. ఇక్కడ రెండూ వేరు. బ్లెండర్ ఫైలులో ఒకలా ఉండి డిస్కులో ఇంకోలా ఉన్నవే గులాబీ రంగు అయ్యుంటాయి. కోడ్‌లో ఇంపోర్ట్‌లకీ ఇదే రోగం, సర్వర్‌లో ఎక్కించాక బయటపడేది ఇక ఇక్కడే బయటపడుతుంది.

రెండుపడవలు
అదేనండీ! కెమెరా నుంచి వచ్చినవన్నీ పెద్ద అక్షరాల జేపీజీలు. పేర్లు మార్చే స్క్రిప్టు పది లైన్లు రాశా, గులాబీ పోయింది.

మొత్తం మీద ఇప్పుడు: ఫెడోరా కేడీఈ, ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టించి వీడియో క్లిప్పులన్నీ అందులో, కేడెన్‌లైవ్‌లో ఒక వీడియో పూర్తి చేశా, టాబ్లెట్‌లో కోడిగుడ్డు గుండ్రమైంది. రిజాల్వ్ పెట్టలేదు, పెడతానో లేదో తెలీదు. టైటిల్‌లో "పరిష్కారమైంది" అని చేర్చేస్తున్నా.

పాతకీబోర్డు
ఆగు. బ్యాకప్?

రెండుపడవలు
బీటీఆర్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్లు రోజూ తీసేలా పెట్టానండీ.

పాతకీబోర్డు
స్నాప్‌షాట్ అదే డిస్కులో ఉంటుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. అప్‌డేట్ తేడా కొడితే వెనక్కెళ్ళడానికి పనికొస్తుంది, దానికంతే. బయటి డిస్కుకి బోర్గ్‌తోనో రెస్టిక్‌తోనో హోమ్ మొత్తం పంపు. నోడ్ మాడ్యూళ్ళు, క్యాష్ ఫోల్డర్లు, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మళ్ళీ పుట్టించగల క్లిప్పులు వదిలెయ్, లేకపోతే నీ బ్యాకప్ నిండా చెత్తే ఉంటుంది.

రెండుపడవలు
రెస్టిక్ పెట్టా. మొదటి బ్యాకప్ అయింది. ఇప్పుడు టైటిల్ మార్చొచ్చా?

పాతకీబోర్డు
అందులోంచి ఒక ఫైలు వెనక్కి తీసి తెరిచి చూశావా?

రెండుపడవలు
... లేదు.

రెండుపడవలు
తీశా. క్రిటా ఫైలు ఒకటి, వేరే ఫోల్డర్‌లోకి. పొరలన్నీ ఉన్నాయి.

పాతకీబోర్డు
ఇప్పుడు మార్చు. పేరు కూడా మార్చుకో, ఒక్క పడవే కదా.